స్థానం కాదు, గోల్స్ తేడా చూడు

గాజువాక,
విశాఖపట్నం.

చి. సాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్లో పై అంచె అయిన ప్రీమియర్ లీగులో నీ జట్టుకి వచ్చే సీజన్లో ఎన్ని పాయింట్లు వస్తాయో ముందే కట్టాలని నువ్వు పంపిన ఎక్సెల్ షీటు చూశాను. పదేళ్ల పట్టికలు ఓపిగ్గా ఎక్కించావు, కానీ మాంచెస్టర్ యునైటెడ్ ఏ ఏడు ఎన్నో స్థానంలో నిలిచిందన్నది తప్ప అందులో ఇంకేం లేదు. స్థానం మీద లెక్క కట్టకురా. పాయింట్లు చూడు, అంతకంటే ముందు గోల్స్ తేడా చూడు, అంటే కొట్టిన గోల్స్‌లోంచి ఎదుటివాళ్లకి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది.

నీ జట్టుదే చెప్తాను. 2023-24లో న్యూకాసిల్, యునైటెడ్ రెండింటికీ 60 పాయింట్లే. న్యూకాసిల్ 85 గోల్స్ కొట్టి 62 ఇచ్చింది. మీవాళ్లు 57 కొట్టి 58 ఇచ్చారు. కొట్టినవాటికంటే ఇచ్చినవే ఎక్కువైన జట్టు 60 పాయింట్లు తెచ్చుకుందంటే, బొటాబొటీగా గట్టెక్కిన మ్యాచ్‌లు బాగానే కలిసొచ్చాయన్నమాట. ఏటా అలా కలిసిరావు. మరుసటి ఏడు న్యూకాసిల్ 66 పాయింట్లతో 5వ స్థానం, యునైటెడ్ 42తో 15వ స్థానం. అంత కిందికి పడతారని గోల్స్ తేడా కూడా చెప్పలేదులే, ఎటు పోతారో మాత్రం చెప్పింది.

పదేళ్లు అక్కర్లేదు, మూడు చాలు. నిరుటి పాయింట్లని 3తో, అంతకు ముందేటివి 2తో, ఆ ముందేటివి 1తో గుణించి, మొత్తాన్ని 6తో భాగించు. 60, 54, 48 అయితే 56 వస్తుంది. దాన్ని లీగు సగటు వైపు కొంచెం లాగాలి. 38 మ్యాచ్‌ల లీగులో సగటు జట్టుకి 52 దాకా వస్తాయి. తేడాలో మూడో వంతు తగ్గిస్తే 55. అటూ ఇటూ ఎనిమిది, తొమ్మిది పాయింట్లు వదిలిపెట్టు. ఒకే అంకె చెప్పి మీసం మెలేసేవాణ్ణి నమ్మకు.

2020-21ని మాత్రం విడిగా పెట్టి చూడు. కోవిడ్ వల్ల చాలావరకు ఖాళీ స్టేడియాల్లో ఆడిన ఆ ఏడు ప్రీమియర్ లీగులో సొంత మైదానం గెలుపులు 144, బయటి గెలుపులు 153. ఇంటి బలాన్ని ఆ అంకెలతో కొలిస్తే తప్పుతుంది.

ఇదంతా జట్టు జట్టుగా ఉన్నప్పుడే. మన హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడు. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేతలు, మరుసటి సీజన్లో 20 మ్యాచ్‌లకి 42 పాయింట్లతో లీగులో రెండో స్థానం. ఈ రికార్డు చూసి కిందికి పోతారని ఎవడంటాడు? కోచ్ మనోలో మార్కెజ్ గోవా వెళ్లాడు, గోల్స్ కొట్టే ఓగ్బెచే లేడు, జీతాల గొడవలు ముదిరి ఆటగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. 2023-24లో 22 మ్యాచ్‌లకి 8 పాయింట్లు, అట్టడుగు. అందుకే కూడిక మొదలెట్టేముందు ఎవరున్నారు, ఎవరు పోయారు అన్న జాబితా రాసుకో.

కొత్త కోచ్ వచ్చాక చివరి ఆరేడు మ్యాచ్‌లు గెలిచారని పొంగిపోకు. జూన్ 14తో వేట నిషేధం ముగిశాక మొదటి వారం ఫిషింగ్ హార్బర్‌లో పడిన చేపల్ని బట్టి ఏడాది రాబడి లెక్కేసినట్టే ఉంటుంది.

కింది డివిజన్ పాయింట్లూ పైకి రావు. బర్న్‌లీ 2022-23లో 101 పాయింట్లతో ప్రీమియర్ లీగు కింది డివిజన్ అయిన ఛాంపియన్‌షిప్ గెలిచి, పైకొచ్చాక 24తో సరిపెట్టుకుని మళ్లీ దిగిపోయింది.

నీ లెక్క పనిచేస్తుందో లేదో తెలియాలంటే వెనక్కి వెళ్లి చూడు. 2023-24 దాకా ఉన్నవే తీసుకుని 2024-25 కట్టు. ఆపైన అంతకు ముందేడూ ప్రీమియర్ లీగులో ఉన్న పదిహేడు జట్లకీ 'నిరుడు వచ్చినన్నే వస్తాయి' అని గుడ్డిగా రాసి, ఏది తక్కువ తప్పిందో పోల్చు. గుడ్డి లెక్కే నెగ్గితే నీ ఎక్సెల్ దండగ. నీదే నెగ్గినా పందేల యాప్‌ల జోలికి పోకు, మీ అమ్మకి తెలిస్తే నన్నూ కలిపి తిడుతుంది.

ఆగస్టులో మొదటి మ్యాచ్‌కి ముందే నీ అంకె వాట్సాప్‌లో పెట్టు, నాదీ పెడతాను. మధ్యలో మార్చడం లేదు. మీ నాన్నని మాత్రం ఇందులోకి లాగకు, వాడు ఏటా ఆర్సెనలే గెలుస్తుందంటాడు.

ఇట్లు,
పెదనాన్న