రీస్టార్ట్ అయితే సెన్సర్ల పేర్లు పోతున్నాయా?

సందేహం: రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకు ఆరు డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్లు తగిలించి, సెన్సర్లను ఫైళ్లలా చూపించే ఓడబ్ల్యూఎఫ్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌తో నెట్‌వర్క్‌లో చదువుతున్నాను. నంబర్లు గుర్తుండవని ఒక్కోదానికీ ఒక పేరు పెట్టుకున్నాను. కరెంటు పోయి వచ్చిందంటే చాలు, పేర్లన్నీ మాయమై మళ్లీ 28తో మొదలయ్యే నంబర్లే కనిపిస్తున్నాయి. పేరుతో వెతికే నా గ్రాఫులు ఆగిపోతున్నాయి. సెన్సర్లేమైనా పాడయ్యాయా?

సెన్సర్లు బాగానే ఉన్నాయి, టెన్షన్ పడకండి. మీరు పెట్టిన పేరు అసలు సెన్సర్‌లోకి వెళ్లనే లేదు. దాన్ని గుర్తుపెట్టుకున్నది నడుస్తున్న ప్రోగ్రాము, అదీ తన మెమరీలో. ప్రోగ్రాము ఆగగానే అది చెరిగిపోయింది.

సెన్సర్‌ను గుర్తుపట్టడానికి అందులో శాశ్వతంగా ఉండేది 64 బిట్ల నంబరు ఒక్కటే. మొదటి 8 బిట్లు రకాన్ని చెబుతాయి, మీకు కనిపించే 28 అదే. తర్వాతి 48 బిట్లు ఆ సెన్సర్ సొంత సీరియల్ నంబరు. చివరి 8 బిట్లు తప్పులు పట్టుకోవడానికి. మనం రాసుకోవడానికి సెన్సర్‌లో రెండు బైట్ల చోటు ఉన్న మాట నిజమే కానీ, అది అలారం హద్దుల కోసం ఇచ్చినది. రెండు బైట్లలో పేరేం పడుతుంది?

కాబట్టి పేర్లను ఒక ఫైల్లో రాసిపెట్టి, ప్రోగ్రాము మొదలైన ప్రతిసారీ దాన్ని చదివేలా చేయాలి. మామూలు టెక్స్ట్ ఫైలు చాలు. ఒక్కో వరుసలో ఒక్కో సెన్సర్: ఎడమవైపు 28, చుక్క, ఆ తర్వాత 12 అక్షరాల సీరియల్ నంబరు, మధ్యలో ఈక్వల్ గుర్తు, కుడివైపు పేరు. పేరులో ఖాళీలు, స్లాష్‌లు లేకుండా చూసుకోండి. ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే ఓడబ్ల్యూఎఫ్‌ఎస్ సెట్టింగుల ఫైలు తెరిచి, ఎలియాస్ (మారుపేరు) అనే ఆప్షన్‌కు ఈ ఫైలు పూర్తి చిరునామా ఇవ్వండి. ఆ వరుస ముందు సర్వర్ లాంటి ప్రోగ్రాము పేరు ఏదీ తగిలించకపోతే, ఆ సెట్టింగుల ఫైలు చదివే ప్రోగ్రాములన్నిటికీ అది వర్తిస్తుంది.

ఫైలు ఎక్కడ పెడుతున్నారో మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. తాత్కాలిక ఫైళ్లుండే టీఎంపీ ఫోల్డర్‌లో పెడితే రీస్టార్ట్‌తో అదీ పోవచ్చు. మెమరీ కార్డు పాడవకుండా చాలామంది రాస్ప్‌బెర్రీ పైలో ఓవర్‌లే మోడ్ ఆన్ చేసుకుంటారు. అప్పుడు మీరు సేవ్ చేసినవన్నీ కార్డులోకి కాక, కరెంటు పోతే చెరిగిపోయే ర్యామ్‌లోకే వెళ్తాయి. ఫైలు కళ్లెదుటే ఉంటుంది, తెరిస్తే చదవడానికీ వస్తుంది, రీస్టార్ట్ తర్వాత ఉండదు. ఈ మోడ్ ఉంటే ముందు ఆపి, ఫైలు రాసి, మళ్లీ ఆన్ చేయండి.

ఏ నంబరు ఏ సెన్సర్‌దో తేలకపోతే ఒక్కోదాన్ని గుప్పిట్లో పట్టుకుని అర నిమిషం ఆగండి. తెరమీద ఏ నంబరు పక్కన ఉష్ణోగ్రత పైకి ఎక్కుతుందో అదే దాని నంబరు. వెంటనే ఆ వైరుకు టేపు చుట్టి నంబరులో చివరి నాలుగు అక్షరాలు రాసేయండి. 'మొదటిది, రెండోది' అని వరుసను బట్టి మాత్రం పేర్లు పెట్టకండి. మధ్యలో ఒక సెన్సర్ ఊడిందంటే వరుస మారిపోతుంది. పేరు లేకపోతే గ్రాఫు ఆగుతుంది, మీకు తెలుస్తుంది. పేరు తప్పితే గ్రాఫు నడుస్తూనే ఉంటుంది, అంకెలన్నీ అబద్ధం! నాకు భయం రెండోదాంతోనే.

సెన్సర్ పాడై కొత్తది వేస్తే దాని నంబరు వేరు. ఫైల్లో పాత నంబరు తీసి కొత్తది రాసి, ప్రోగ్రామును రీస్టార్ట్ చేయండి. పేరు అదే కాబట్టి గ్రాఫుల జోలికి వెళ్లక్కర్లేదు.

సందేహం: రీస్టార్ట్ కాగానే ఒక్కోసారి 85 డిగ్రీలు చూపిస్తోంది. ఎందుకు?

కరెంటు రాగానే ఈ సెన్సర్‌లో ఉండే ఆరంభ విలువే 85. కొలత పూర్తికాకముందే చదివితే అదే వస్తుంది. 12 బిట్ల కొలతకు 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది కాబట్టి మొదటి రీడింగ్ వదిలేయండి. మామూలుగా నడుస్తుండగా మధ్యలోనూ 85 వస్తుంటే మాత్రం సెన్సర్‌కు కరెంటు తెగి తెగి అందుతోందని అనుమానించాలి. వైర్ల అతుకులు, డేటా వైరుకూ 3.3 వోల్టులకూ మధ్య ఉండాల్సిన 4.7 కిలోఓమ్‌ల రెసిస్టరు చూడండి. 85 వచ్చిన ప్రతిసారీ కొట్టేసేలా ప్రోగ్రాము రాయకండి, వేడినీళ్ల ట్యాంకులో అది నిజమైన రీడింగే కావచ్చు.