కరెంటు ప్రమాదానికి పరిహారం: ముందు కాగితాలు, తర్వాత కోర్టు

చిరంజీవికి ఆశీస్సులు.

మేడమీద చువ్వ 11 కేవీ (11 వేల వోల్టుల) కరెంటు తీగకు తగిలి, వడ్రంగం చేసే తమ్ముడి కుడిచెయ్యి మోచేతి పైదాకా తీసేశారని తెలిసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. మంచి లాయరు ఎవరని అడిగావు. లాయరు పది రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు, సాక్ష్యం మాత్రం ఆగదు. ఇలాంటిది జరిగిన నాలుగు రోజుల్లో కరెంటోళ్ళు వచ్చి వేలాడే తీగ బిగిస్తారు, వాలిన స్తంభం మారుస్తారు. తర్వాత కోర్టులో 'మా లైను మొదటినుంచీ సరిగ్గానే ఉంది' అంటే కాదని చూపడానికి నీ దగ్గర ఏమీ మిగలదు.

అందుకే ఇవాళే ఫొటోలు, వీడియో తీయించు. మేడ, పిట్టగోడ, తీగ మూడూ ఒకే ఫొటోలో పడాలి. స్తంభం మీద రాసిన నంబరు కనపడాలి. ఎత్తు కొలవడానికి మాత్రం టేపుగానీ కర్రగానీ ఎవరూ పైకెత్తొద్దు. 11 కేవీ తీగను ముట్టుకోనక్కర్లేదు, బాగా దగ్గరికి పోతే చాలు, కరెంటు దూకుతుంది. టోటల్ స్టేషన్ (దూరం నుంచే ఎత్తు కొలిచే యంత్రం) ఉన్న సర్వేయరును పిలిచి నేలమీద నుంచే కొలిపించి, సంతకం చేసిన కాగితం తీసుకో. 11 కేవీ లైను ఇంటిమీదుగా పోతే మేడమీద అన్నిటికన్నా ఎత్తైన చోటు నుంచి 3.7 మీటర్లు, పక్కనుంచి పోతే గోడకు 1.2 మీటర్లు ఎడం ఉండాలని నిబంధన. అంతకన్నా తక్కువ తేలితే కేసుకు అదే వెన్నెముక.

పోలీసు ఫిర్యాదులో 'పొరపాటున చువ్వ తగిలింది' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. ఆసుపత్రిలో మందుల మత్తులో ఉన్న మనిషి చెప్పాడంటూ పోలీసులు అలాంటి వాంగ్మూలమే రాసుకుపోతారు, రేపు అవతలి లాయరు దాన్నే చదువుతాడు. తీగ ఎంత కిందికి ఉంది, ఎన్నాళ్ళుగా అలా ఉంది, లైన్‌మన్‌కో, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కో ఎవరు ఎప్పుడు చెప్పారు, ఇవన్నీ రాయి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకో. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపు.

విద్యుత్ చట్టం 2003లో 161వ సెక్షన్ ఉంది. ప్రమాదం జరిగితే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్ళు 24 గంటల్లో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలి. ఈ అధికారి డిస్కం మనిషి కాదు, ప్రభుత్వం మనిషి. ఆయన నివేదికకు కోర్టులో బరువు ఎక్కువ. వాళ్ళు తెలియజేశారో లేదో అని ఎదురుచూడకుండా నువ్వూ ఒక అర్జీ ఇచ్చి, విచారణకు వచ్చినప్పుడు మనవాళ్ళ మాట కూడా రాసుకోమని అడుగు.

సమాచార హక్కు కింద నాలుగు అడుగు: ఇన్‌స్పెక్టరు నివేదిక, మన ఫీడరు (మన వైపు కరెంటు తెచ్చే 11 కేవీ లైను) ఉన్న 33/11 కేవీ సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో ఆ రోజు పేజీ, ఆ లైను ఎప్పుడు వేశారన్న రికార్డు, గత మూడేళ్ళ ఫిర్యాదుల రిజిస్టరు. 30 రోజుల్లో జవాబివ్వాలి. లాగ్‌బుక్ ఎందుకంటే, ఫీడరు ఎన్ని గంటలకు ట్రిప్ అయింది (దానంతటదే ఆగిపోయింది), అసలు అయిందా, మళ్ళీ కరెంటు ఎప్పుడు వదిలారు అన్నది అందులోనే ఉంటుంది.

లైను ఎప్పుడు వేశారన్నది ఎందుకో కూడా చెప్తాను. 'లైను కింద మీరే ఇల్లు కట్టుకున్నారు, మాకు చెప్పలేదు' అన్నది వాళ్ళ మొదటి వాదన. ఉన్న లైను దగ్గర కట్టేవాళ్ళు ముందుగా రాతపూర్వకంగా తెలపాలన్న నిబంధన నిజంగానే ఉంది. ఇల్లే ముందుదైతే పాత ఇంటిపన్ను రసీదులు, పంచాయతీ అనుమతి వెతికి పెట్టు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ చిత్రాలు కూడా దొరుకుతాయి. ఇల్లు తర్వాతదైతే లాయరు దగ్గర దాచొద్దు. దానివల్లే కేసు పోవాలని లేదు గానీ మొత్తం తగ్గొచ్చు. 2002లో షైల్ కుమారి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: ఇంత ప్రమాదకరమైన సరుకు సరఫరా చేసేవాడు, తన తప్పు లేదని చూపినా నష్టానికి బాధ్యుడే.

ఆసుపత్రిలో ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు) నంబరు, గాయాల సర్టిఫికెట్, ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ తీసుకో. కరెంటు లోపలికి పోయిన చోటు, బయటికి వచ్చిన చోటు రెండూ రాయించు. తర్వాత సదరం క్యాంపులో వైకల్య ధ్రువపత్రం వస్తుంది. చాలామంది ఇక్కడే నష్టపోతారు. ధ్రువపత్రంలో 60 శాతం అనుకుందాం. ఆఫీసు గుమాస్తాకు ఉద్యోగం మిగలొచ్చు, కానీ వడ్రంగికి కుడిచెయ్యి పోతే సంపాదనంతా పోయినట్టే. రాజ్ కుమార్ కేసులో 2010లోనే సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది. మోటారు ప్రమాదాల లెక్కనే ఇక్కడా కోర్టులు ఆసరా చేసుకుంటాయి. తమ్ముడికి 28 ఏళ్ళు, నెలకు 15,000 అనుకో. రాబోయే పెరుగుదలకు 40 శాతం కలిపితే 21,000, ఏడాదికి 2,52,000, ఆ వయసుకు గుణకం (ఏడాది సంపాదనను ఎన్నిసార్లు లెక్కేయాలన్న అంకె) 17. అరవై శాతమైతే 25,70,400. నూరు శాతమైతే 42,84,000. ఈ తేడా రావాలంటే డాక్టరు కోర్టుకొచ్చి చెప్పాలి, వాడి పనికి సాక్ష్యం కావాలి: కలప అడితి బిల్లులు, ఫోన్‌పే చెల్లింపులు, పని చేయించుకున్నవాళ్ళ మాట. వైద్యం ఖర్చు, తోడుమనిషి ఖర్చు, కృత్రిమ చేయి (కొన్నేళ్ళకోసారి మార్చాలి, తయారీదారు దగ్గర కొటేషన్ తీసుకో) వేరే.

ఎక్కడ వేయాలి? డిస్కం తప్పు కాగితం మీదే కనపడుతుంటే నేరుగా హైకోర్టులో రిట్ పిటిషన్. వాస్తవాల మీద తగాదా ఉంటే సివిల్ కోర్టుకే పొమ్మంటారు. కోటి రూపాయల లోపైతే శాశ్వత లోక్ అదాలత్ (కరెంటు లాంటి ప్రజాసేవల తగాదాలు తేల్చే వేదిక) ఉంది, కోర్టు ఫీజు లేదు. కానీ ఒకసారి అక్కడ అర్జీ పెడితే అదే తగాదాతో వేరే కోర్టుకు పోలేం, తీర్పు మీద అప్పీలూ లేదు. వికలాంగుడు కాబట్టి ఆదాయంతో పని లేకుండా తమ్ముడికి ఉచిత న్యాయసహాయం హక్కు, 15100కు ఫోన్ చెయ్యి. గడువు మూడేళ్ళని కొందరంటారు, ఏడాదేనని అవతలివాళ్ళు వాదించవచ్చు. ఏడాదిలోపే వేసెయ్యి. వచ్చినదాంట్లో వాటా అడిగే లాయరుకు వకాల్తా ఇవ్వకు, బార్ కౌన్సిల్ నిబంధనలు దాన్ని నిషేధించాయి.

ఎక్స్‌గ్రేషియా ఇస్తే తీసుకోండి. 'ఇకపై ఏ క్లెయిమూ లేదు' అన్న వాక్యం ఉంటే మాత్రం సంతకం పెట్టనివ్వకు. కరెంటు దెబ్బకు నెలల తర్వాత కూడా కంట్లో శుక్లాలు రావచ్చు. కాబట్టి ఆర్నెల్లకోసారి కంటి పరీక్ష చేయించి ఆ చీటీ కూడా ఫైల్లో పెట్టు.

మీ పెదనాన్న