జీపీ సర్జరీలో ఏమేం సేవలున్నాయో మనవాళ్లకి తెలిసేలా చెయ్యడం ఎలా? రిసెప్షన్‌లో పనిచేస్తున్న మనిషిగా నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇదండి: మీ జీపీ సర్జరీ (ఇంగ్లండ్‌లో ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌ని ఇలా అంటారు, ఆపరేషన్ కాదు) వాళ్లు మిమ్మల్ని పేషెంట్ల తరఫున సలహాలిచ్చే పేషెంట్ పార్టిసిపేషన్ గ్రూప్‌లో చేరమన్నారు, మీ ఏరియాలో తెలుగు కుటుంబాలు బాగా పెరిగాయి, న్యూస్‌లెటర్ వేస్తున్నా పోస్టర్లు పెడుతున్నా మనవాళ్లు ప్రతిదానికీ పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేసి డాక్టర్ అపాయింట్‌మెంటే అడుగుతున్నారు, మరి ఏం చేస్తే విషయం చేరుతుంది అని. నేను ఇంగ్లండ్‌లోనే ఒక జీపీ సర్జరీలో రిసెప్షన్‌లో చేస్తున్నాను, ఆ ఎనిమిదింటి ఫోన్లు ఎత్తేవాళ్లలో నేనూ ఒకదాన్ని, కాబట్టి అక్కడ కూర్చుని చూసిందే చెప్తాను.

ముందు గ్రూప్ గురించి ఒక మాట. తప్పకుండా చేరండి. 2015 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి జీపీ సర్జరీకీ ఇలాంటి గ్రూప్ ఉండాలని ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ)తో ఉండే కాంట్రాక్టులోనే ఉంది. చాలాచోట్ల అందులో రిటైరైన పెద్దవాళ్లే ఉంటారు, చాలా మంచివాళ్లు, కానీ హైదరాబాద్ నుంచి కిందటి నెల దిగిన అమ్మాయికి ఏం తెలీదో వాళ్లకెలా తెలుస్తుంది చెప్పండి.

అసలు సమస్య సమాచారం లేకపోవడం కాదండి. సర్జరీలో ఎవరెవరు పనిచేస్తున్నారు అనే లెక్కన దాన్ని రాస్తున్నారు. మీరే వెయిటింగ్ రూమ్ గోడ చూడండి, ఫస్ట్ కాంటాక్ట్ ఫిజియోథెరపిస్ట్, సోషల్ ప్రిస్క్రైబర్, క్లినికల్ ఫార్మసిస్ట్, ఎన్‌హాన్స్‌డ్ యాక్సెస్, అన్నీ అక్కడే ఉంటాయి. నడుం పట్టేసి వచ్చిన మనిషి ఆ మాటల్లో తన నడుం ఎక్కడుందో వెతుక్కోడు కదా, తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంటాడు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, సర్వీసు పేరుతో మొదలెట్టకండి, బాధ పేరుతో మొదలెట్టండి. "నడుం నొప్పా, మోకాలి నొప్పా? రిసెప్షన్‌లో ఫిజియో అపాయింట్‌మెంట్ అడగండి, ముందు డాక్టర్‌ని కలవక్కర్లేదు, అవసరమైతే ఆయనే డాక్టర్‌కి పంపిస్తారు." ఇలా రాస్తే మా అత్తగారికి కూడా అర్థమవుతుంది.

దీని వెనకాల మనవాళ్ల మనసు కూడా తెలియాలి. ఊళ్లో అలవాటేంటి, ఒళ్లు బాగోకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్తాం, ఇంకా గట్టిగా ఉంటే నేరుగా స్పెషలిస్ట్ దగ్గరికే, కార్డియాలజిస్ట్‌కో ఆర్థోకో ఫీజు కట్టి సాయంత్రానికల్లా చూపించుకుంటాం. అలాంటి మనిషికి ఫోన్‌లో "మీరు ఫార్మసిస్ట్‌ని కలవండి" అంటే ఎలా వినిపిస్తుందంటే, నీకు డాక్టర్‌ని ఇవ్వం పొమ్మన్నట్టు వినిపిస్తుంది. గొంతులోనే తెలిసిపోతుంది నాకు, చిన్నబుచ్చుకుంటారు. అప్పుడు ఇంకో రెండు వాక్యాలు కలిపి చెప్తే చాలు, "మీ బీపీ మాత్రల డోసు చూసేది ఈవిడేనండి, మందుల్లో ప్రత్యేకంగా చదువుకున్నావిడ, మన సర్జరీలోనే కూర్చుంటారు, రేపే చూస్తారు, డాక్టర్‌కైతే ఇంకా ఆగాలి" అంటే చాలామంది సరేనంటారు. కాబట్టి మీరు ఏది రాసినా ఆ మనిషి ఎవరు, ఏం చెయ్యగలరు, డాక్టర్ అవసరమైతే ఎలా పంపిస్తారు అనేవి తప్పకుండా రాయండి.

ఒక్కదాని గురించే చెప్పే వీలుంటే ఫార్మసీ ఫస్ట్ గురించి చెప్పండి. ఇది 2024 జనవరి 31న ఇంగ్లండ్‌లో మొదలైంది. ఏడు రకాల సమస్యలకి వీధి చివర ఫార్మసీలోనే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ కూడా ఇచ్చేస్తారు, జీపీ ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు. గొంతు నొప్పి ఐదేళ్లు దాటినవాళ్లకి, చెవిపోటు ఏడాది నుంచి 17 ఏళ్ల వరకు పిల్లలకి, సైనస్ 12 దాటినవాళ్లకి, పురుగు కుట్టి చీము పట్టడం, పిల్లలకి మూతి చుట్టూ వచ్చే ఇంపెటిగో పుండ్లు, 18 నిండినవాళ్లకి సర్పి (షింగిల్స్), 16 నుంచి 64 మధ్య ఆడవాళ్లకి మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్. వయసులు ఎందుకు ఇంత వివరంగా రాశానంటే అవి రాయకపోతే 70 ఏళ్ల పెద్దావిడ యూరిన్ మంటతో ఫార్మసీకి నడుచుకుంటూ వెళ్లి మళ్లీ మా దగ్గరికి నడిచొస్తుంది, ఆ తర్వాత ఇంక ఎవరు చెప్పినా నమ్మదు. చూడటానికి డబ్బులేం తీసుకోరు, మందుకి మాత్రం మామూలుగా ప్రిస్క్రిప్షన్ చార్జీ కట్టేవాళ్లు ఇక్కడా కట్టాలి, 60 దాటినవాళ్లకీ పిల్లలకీ అదీ లేదు.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యమేసే సంగతి ఒకటుందండి. ఊళ్లో మెడికల్ షాపులో ఎవరున్నా వెళ్లి "జ్వరం, ఒళ్లు నొప్పులు" అని చెప్పి చీటీ లేకుండా మాత్రలు తెచ్చుకుని వేసుకుంటాం, అక్కడ అలా వేసుకోకూడదు. ఇక్కడ నిజంగా చదువుకుని, రూల్స్ ప్రకారం చూసి మందిచ్చే ఫార్మసిస్ట్ ఉంటే మాత్రం ఆయన్ని నమ్మం, పారాసిటమాల్ అమ్మే మనిషనుకుంటాం. దీన్ని మనవాళ్లకి మనమే చెప్పాలి, బయటివాళ్లు చెప్తే వేరేలా తీసుకుంటారు.

తర్వాత ముఖ్యమైంది భాష. ఇంటర్‌ప్రెటర్ ఫ్రీ అని చాలామందికి తెలీదు, తెలుగుకి కూడా దొరుకుతారు, ఎక్కువగా ఫోన్‌లోనే ఉంటారు, అపాయింట్‌మెంట్ బుక్ చేసేటప్పుడే అడగాలి ఎందుకంటే టైమ్ ఎక్కువ ఇవ్వాల్సి ఉంటుంది. మా దగ్గర కళ్లారా చూసింది చెప్తాను, ఒక పెద్దావిడ కొడుకుతో వచ్చారు, కొడుకు కౌంటర్ దగ్గర "కడుపు నొప్పంట" అన్నాడు, ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కిందకి చూస్తున్నారు. నేను పక్కకి వచ్చి తెలుగులో మెల్లగా అడిగితే అప్పుడు చెప్పారు, నెలసరి ఆగిపోయిన ఇన్నేళ్లకి మళ్లీ బ్లీడింగ్ అవుతోందని. అది కొడుకుతో ఎలా చెప్తుందండి ఆవిడ? ఆ లక్షణం ఆలస్యం చెయ్యకుండా చూపించాల్సింది, కడుపు నొప్పి అని రాసుకుంటే ఎప్పటికో పడేది అపాయింట్‌మెంట్. ప్రతి సర్జరీలో తెలుగు వచ్చిన రిసెప్షనిస్ట్ ఉండదు, కాబట్టి "నాకు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అనే మాట రికార్డులో ఒకసారి రాయించుకోమని చెప్పండి, తర్వాత ఎవరు ఫైల్ తెరిచినా కనిపిస్తుంది.

కొత్తగా వచ్చిన అమ్మాయిల కోసం ఇంకొకటి. ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్ రాగానే కన్ఫర్మ్ చేయించుకోవడానికి డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం వారాలు ఆగుతారు, ఇక్కడ మిడ్‌వైఫ్‌కి (గర్భిణులనీ కాన్పులనీ చూసుకునే ఆవిడ) నేరుగా మీరే ఫామ్ పెట్టుకోవచ్చు, పది వారాలలోపు ఆవిడతో మొదటి అపాయింట్‌మెంట్ అయిపోవడం మంచిది. అలాగే మనసు బాగోకపోతే, నిద్ర పట్టక ఏడుపొస్తుంటే, టాకింగ్ థెరపీస్‌కి (కౌన్సెలింగ్ లాంటి సేవ) కూడా మనమే అప్లై చేసుకోవచ్చు, డాక్టర్ చీటీ అక్కర్లేదు. ఈ రెండోది వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ అడగరు కానీ మెసేజ్‌లో ఉంటే చదువుకుంటారు, కాబట్టి ఎవరూ అడగలేదు కదా అని వదిలెయ్యకండి.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల విషయంలో వాట్సాప్‌లో రెండు రకాల పుకార్లు తిరుగుతుంటాయి, ఒకటి వాళ్లకి అసలేం చూడరని, రెండోది అంతా ఫ్రీ అని. రెండూ తప్పే. జీపీ దగ్గర చూపించుకోవడం ఎవరికైనా ఫ్రీ, మూడు నెలల లోపు ఉండేవాళ్లని టెంపరరీగా రిజిస్టర్ చేస్తారు, ఐడీ గానీ అడ్రస్ ప్రూఫ్ గానీ లేదని రిజిస్ట్రేషన్ తిరస్కరించకూడదు. ఎమర్జెన్సీలో ఏ అండ్ ఈకి (హాస్పిటల్ ఎమర్జెన్సీ విభాగం) వెళ్లి చూపించుకోవడం కూడా ఫ్రీయే. కానీ అక్కడి నుంచి వార్డులో అడ్మిట్ చేసినా, తర్వాత హాస్పిటల్ అపాయింట్‌మెంట్‌కి రమ్మన్నా బిల్లు వస్తుంది, అది ఎన్‌హెచ్‌ఎస్ రేటుకి ఒకటిన్నర రెట్లు, కాబట్టి ఇన్సూరెన్స్ లేకుండా పెద్దవాళ్లని తీసుకురావద్దని గట్టిగా చెప్పండి. ఇక్కడ సగం చెప్పి వదిలేస్తే ఒక కుటుంబం అప్పులపాలవుతుంది.

ఇక మెసేజ్‌లు. సర్జరీ నుంచి ఎస్సెమ్మెస్ వస్తే లింక్ ఉంది కదా అని ఫ్రాడ్ అనుకుని డిలీట్ చేస్తున్నారు, అది వాళ్ల తప్పు అనను, ఇన్ని మోసాలు జరుగుతుంటే ఎవరైనా అదే చేస్తారు. మీ మీటింగ్‌లో ప్రాక్టీస్ మేనేజర్‌ని రెండు అడగండి, మెసేజ్ మొదట్లోనే సర్జరీ పేరు ఉండాలి, ఏ విషయానికి పంపిస్తున్నారో లింక్‌కి ముందే ఉండాలి. అదే సంగతి ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో కూడా వస్తే జనం నమ్ముతారు, యాప్‌లో రిపీట్ మందులు ఆర్డర్ పెట్టుకోవచ్చు, రిపోర్టులు చూసుకోవచ్చు, అది పెట్టుకోవడం చేతకాని పెద్దవాళ్లకి పిల్లలు ఒక ఆదివారం కూర్చుని చేసిపెట్టొచ్చు. ఇంకా ఘోరమేంటంటే నంబర్లు. మనవాళ్లు సిమ్ మారుస్తారు, ఇల్లు మారుస్తారు, సర్జరీకి మాత్రం చెప్పరు, స్మియర్ టెస్ట్ (గర్భాశయ ముఖద్వార కేన్సర్ ముందే పట్టుకునే పరీక్ష) ఉత్తరం పాత ఇంటికి పోతుంది, 50 నుంచి 74 మధ్యవాళ్లకి రెండేళ్లకోసారి పోస్టులో వచ్చే బవెల్ కేన్సర్ (పేగు కేన్సర్) పరీక్ష కిట్ ఎవరో తెలీనివాళ్ల ఇంటి గుమ్మంలో పడి ఉంటుంది. మీరు పంపే ప్రతి మెసేజ్ చివర "మీ ఫోన్ నంబరూ అడ్రసూ సర్జరీలో సరిగ్గా ఉన్నాయా?" అని ఒక లైను పెట్టండి, విసుగనుకోకండి.

2025 అక్టోబర్ 1 నుంచి సర్జరీకి మన సమస్య రాసి పంపే ఆన్‌లైన్ ఫామ్ కూడా సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 8 నుంచి సాయంత్రం 6:30 వరకు తెరిచి ఉంచాలని రూల్ వచ్చింది, అర్జెంట్ కానివాటికి అదే మేలు, ఆఫీసులో ఉండగా మధ్యాహ్నం కూడా నింపుకోవచ్చు. గుండెలో నొప్పి, ఊపిరాడకపోవడం లాంటివాటికి మాత్రం ఫామూ కాదు మేమూ కాదు, ఎమర్జెన్సీ నంబరు 999. ఈ వాక్యం ప్రతిచోటా ఉండాలి.

చేరవేసే దారి గురించి నా అభిప్రాయం, న్యూస్‌లెటర్ తెలుగులోకి మార్చడంతో సరిపెట్టకండి. నాలుగు పేజీల తెలుగు పీడీఎఫ్ ఎవరూ తెరవరు, కొంతమంది పెద్దవాళ్లు చదవలేరు కూడా. నెలకి ఒక విషయం, ఒకటే, నిమిషం లోపు వాట్సాప్ వాయిస్ మెసేజ్, మామూలు మాటల్లో. మా దగ్గర అలా మొదటిది పంపిన వారంలోనే ఫోన్ చేసి "చెవిపోటుకి ఏ ఫార్మసీకి వెళ్లాలండి" అని అడిగినవాళ్లు ఉన్నారు, అంతకుముందు ఆ ప్రశ్న తెలుగువాళ్ల నుంచి నేను విన్నదే లేదు. పంపే ముందు మాత్రం దాని ఇంగ్లీషు అర్థం ప్రాక్టీస్ మేనేజర్‌కి చూపించి ఓకే చేయించుకోండి, అందులో వైద్య సలహా కలపకండి, ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నంతవరకే ఉండాలి, ఏ తేదీన రికార్డ్ చేశారో కూడా చెప్పండి. ఆ మెసేజ్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది, రూల్ మారిపోయాక కూడా.

మొదటి నెల ఏ విషయం అని ఆలోచించక్కర్లేదు. మీ రిసెప్షన్ వాళ్లని అడగండి, డాక్టర్ అపాయింట్‌మెంట్ అడిగి చివరికి ఇంకెక్కడికో పంపిన ఫోన్లు దేనికి ఎక్కువ వస్తున్నాయని, వాళ్లు టక్కున చెప్తారు, అక్కడే మొదలెట్టండి. ఇదంతా ఇంగ్లండ్ సంగతండి, మీది వేల్సో స్కాట్లాండో అయితే ఫార్మసీ రూల్సూ ప్రిస్క్రిప్షన్ చార్జీలూ వేరు, అక్కడ మందులకి చార్జీ లేదు, కాబట్టి నేను రాసింది ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చెయ్యకండి. మొదటి వాయిస్ మెసేజ్‌కి మాటలు రాసుకుంటే ఇక్కడ కామెంట్లో పెట్టండి, నేను చూసి చెప్తాను.