పద్నాలుగో పేజీ గురించి

చిరంజీవికి,

నీ కథ అందింది. పద్నాలుగో పేజీ దాకా బాగానే చదువుకుంటూ వచ్చాను. అక్కడ "వాళ్ళిద్దరూ మ్యాప్ చూసుకుని దగ్గరి దారి పట్టారు" అన్న వాక్యం తగిలింది. పెన్నుతో కొట్టేశాను, కాగితం చిరిగినంత పనయింది. దాని వెనకాలే రెండున్నర పేజీల పొగమంచు, చిన్ననాటి జ్ఞాపకాలు, కన్నీళ్ళు. తడిసిన చేతితొడుగుని పళ్ళతో లాగి తీసే చోటు మాత్రం బాగుంది. మెచ్చుకోలు ఇక్కడితో సరి.

నువ్వు ఎంచుకున్నది ఉత్తర ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో, అక్టోబరు చివర్లో జరిగే, కొండల్లో పరిగెత్తే ఇద్దరిద్దరి పోటీ. 1968లో మొదలై, ఒకప్పుడు కారిమోర్ పేరుతో నడిచి, ఇప్పుడు ఓఎంఎం (ఒరిజినల్ మౌంటెన్ మారథాన్) అంటున్నారే, ఆ తరహాది. రెండు రోజులు. గుడారం, స్లీపింగ్ బ్యాగ్, స్టవ్వు, తిండి అన్నీ వీపు మీదే. చెక్‌పాయింట్లు ఎక్కడున్నాయో చెప్తారు గానీ వాటి మధ్య దారి ఎవరూ గీసివ్వరు. అది తేల్చుకోవడమే ఆ పోటీ. దాన్ని ఒక్క వాక్యంలో మింగేస్తే నీ కథలో మిగిలేది వానకి తడిసిన ఇద్దరు మనుషులు. అన్నట్టు, ఆరో పేజీలో ఆ అమ్మాయి వాచీలో జీపీఎస్ చూసి మలుపు తిరిగింది. ఈ పోటీలో దానికి ఒప్పుకోరు. తీసెయ్.

ఇక లెక్కకొద్దాం. నాలుగో చెక్‌పాయింటు నుంచి ఐదోదానికి పోవాలి. వాళ్ళ చేతిలో 1:40,000 హార్వే మ్యాప్ పెట్టావు కదా. అంటే సెంటీమీటరుకి 400 మీటర్లు, కాంటూరు గీతకీ (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత) గీతకీ మధ్య 15 మీటర్ల ఎత్తు. మధ్యలో కొండ అడ్డం. నేరుగా ఎక్కి దిగితే మ్యాప్ మీద 7 సెంటీమీటర్లు, ఎక్కేటప్పుడు దాటే గీతలు 21. లోయ బాట పట్టి చుట్టూ తిరిగితే పదకొండున్నర సెంటీమీటర్లు, 6 గీతలు. ఒకటి 2.8 కిలోమీటర్లు, 315 మీటర్ల ఎక్కుడు. రెండోది 4.6 కిలోమీటర్లు, 90 మీటర్లు. స్కాట్లండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లోనే ఒక కొలత చెప్పాడు: మూడు మైళ్ళకు గంట, ఎక్కిన ప్రతి రెండు వేల అడుగులకు ఇంకో గంట. ఆ ప్రకారం మీటరు ఎక్కడమంటే దాదాపు ఎనిమిది మీటర్లు చదునున పోవడం. పరిగెత్తేవాళ్ళ వేగం వేరైనా ఈ నిష్పత్తి పనికొస్తుంది. 315ని ఎనిమిదితో హెచ్చవేస్తే 2,520, దానికి 2,800 కలిపితే 5,320. రెండోదానికి 720, 4,600 కలుపు. అదీ 5,320. ఇప్పుడు చెప్పు, దగ్గరి దారి ఏది?

లెక్క సరిసమానంగా వచ్చాక నేల మాట్లాడుతుంది. నైస్మిత్ దిగుడుని లెక్కలోకి తీసుకోలేదు. నీ కొండకి అవతలి వైపు గీతలు మిల్లీమీటరు సందు కూడా లేకుండా ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. ఆ వాలు సన్నరాళ్ళ జారుడైతే మడమలు దించుకుంటూ నిమిషాల్లో కిందికొస్తారు. పెద్ద బండలైతే తడిలో ఒక్కొక్క అడుగూ చూసి వేయాలి. బ్రాకెన్ అయితే మరీ ఘోరం. అది వేసవిలో ఛాతీ దాకా లేచే ఫెర్న్ పొద, అక్టోబరుకి ఎర్రబడి మోకాళ్ళ ఎత్తున చిక్కుపడి పడుంటుంది. కింద రాయి ఉందో గుంట ఉందో కనబడదు. గడ్డో బ్రాకెనో చాలా మ్యాపులు విడదీసి చెప్పవు. మూడో చెక్‌పాయింటు దగ్గర నిలబడి ఎదుటి వాలు రంగు చూసి పెట్టుకున్నవాడికే అది తెలుస్తుంది. నీ పాత్రల్లో ఎవరో ఒకరు అలా చూసి ఉండాలి. ఎవరు చూశారో రాస్తే ఆ మనిషి ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

లోయ బాట మీద పరిగెడుతూనే నాలుగు ముద్దలు తినొచ్చు, తొడలకి విశ్రాంతి. కానీ రాత్రంతా వాన కురిసిందని మూడో పేజీలో నువ్వే రాశావు. లోయలో దిగువన దాటాల్సిన వాగుకి కొండమీది నీళ్ళన్నీ వచ్చి చేరతాయి. పైన ఒక గెంతుకి దాటే పాయ కింద నడుం లోతవుతుంది. 2008లో అక్కడి బారోడేల్ లోయలో ఈ ఓఎంఎం పోటీని వరదల వల్లే మధ్యలో ఆపేశారు. కాబట్టి ఆ పొద్దున లెక్క కొండ వైపు మొగ్గుతుంది. అలసిన అబ్బాయి బాట అంటాడు, వాన గుర్తున్న అమ్మాయి కొండ అంటుంది. తగువు నీ చేతికొచ్చింది, నువ్వేమో వాళ్ళ చేత నాన్నగారి గురించి మాట్లాడించావు.

అంకెలు పెడితే పాఠకుడు పారిపోతాడని నీకెవరో చెప్పి ఉంటారు. నాలుగు అంకెలు కనబడితే చాలు, ఎర్ర సిరా తీసే సంపాదకులున్నారు. వాళ్ళే వంట కథలో పోపు దినుసు ఒక్కటి తగ్గినా ఊరుకోరు. ఈమధ్య ఇంకో జాడ్యం పట్టుకుంది, ప్రతి కొండ కథా "పర్వతం బయట లేదు, నాలోనే ఉంది" అంటూ ముగియడం. ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తైన స్కాఫెల్ పైక్ బయటే ఉంది, 978 మీటర్లు.

దాని పక్కనే 964 మీటర్ల స్కాఫెల్, రెంటికీ నడుమ మికిల్‌డోర్ అనే సన్నటి మెడ. కెజిక్ ఊళ్ళో బయల్దేరి 42 శిఖరాలు 24 గంటల్లో చుట్టి మళ్ళీ అక్కడికే రావాలనే బాబ్ గ్రాహం రౌండ్ (ఆయన చుట్టింది 1932లో) ఈ మెడ మీదుగానే పోతుంది. అక్కణ్ణుంచి స్కాఫెల్ ఎక్కడానికీ ఇలాగే దారి తేల్చుకోవాలి. ఎదురుగా బ్రాడ్ స్టాండ్. కొద్దిపాటి రాతి ఎక్కుడే, అన్నిటికన్నా పొట్టి దారి. తడిగా ఉండి జారితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. అందుకే కొందరు అక్కడ తోడుగా తాడు పట్టుకునే మనిషిని ముందే ఉంచుకుంటారు. వద్దనుకుంటే ఎస్క్‌డేల్ వైపు బాగా దిగి, ఫాక్సెస్ టార్న్ గండిలోంచి మళ్ళీ ఎక్కాలి. లేదా వాస్డేల్ వైపు దిగి లార్డ్స్ రేక్ అనే వదులు రాళ్ళ గాడిలో పడాలి. మొదటిదానికి ధైర్యం, రెండోదానికి ఓపిక, మూడోదానికి పైనుంచి రాలే రాళ్ళ మీద ఓ కన్ను కావాలి.

నీ వాళ్ళు పదహారో పేజీలో "దారి తప్పారు". ఎలా తప్పారు? వాలుకి అడ్డంగా ఒకే ఎత్తున పోదామనుకున్నవాళ్ళు తెలీకుండానే కిందికి జారుతుంటారు, ఎందుకంటే బండ ఎదురైనప్పుడల్లా దాని కిందనుంచి చుట్టడమే సుళువు. అలా రెండు గీతలు కిందికొచ్చాక పొగమంచులో ఒక వాగు ఎదురవుతుంది. తాము వెతికే వాగు అదేననుకుంటారు, కానీ అది దానికి ముందున్నది. దిక్సూచి పెట్టి చూస్తే తెలిసేది, ఇది ఉత్తరానికి పారుతోంది, వెతికేది ఈశాన్యానికి. పెట్టరు. కంగారులో ఎదురుగా ఉన్న నేలని లాగి మ్యాప్‌లో కూర్చేస్తారు. "ఆ పాయ ఎండిపోయి ఉంటుందిలే" అంటాడొకడు, రాత్రంతా కురిసిన వాన తర్వాత! కథలో నాకు ఆ మాట కావాలి.

తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే, చెక్‌పాయింటుకి మూడు వందల మీటర్ల ముందు పోల్చుకోగలిగే గుర్తు ఒకటి పెట్టుకుంటారు. నీ మ్యాప్‌లో రాతి గోడల గొర్రెల దొడ్డి ఉంది, అదే చాలు. అక్కడిదాకా జోరుగా, అక్కణ్ణుంచి అంగలు లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా. చెక్‌పాయింటు వాగుల కలయిక దగ్గరుంటే సూటిగా దానికే గురిపెట్టి పోరు, కావాలని ఐదు డిగ్రీలు ఎగువకి తిప్పుకుంటారు. కిలోమీటరుకి సుమారు 87 మీటర్ల తేడా. వాగు తగిలాక కలయిక దిగువనే ఉందని అనుమానం లేకుండా తెలుస్తుంది. సూటిగా గురిపెట్టి తప్పినవాడికి కుడికి పోవాలో ఎడమకి పోవాలో తెలీదు.

ఆ పేజీ ఇలా మొదలెట్టి చూడు:

"ఎన్ని గీతలు?"
"ఇరవై ఒకటి."
"బాటన?"
"ఆరు. కానీ వాగు."
అతను నీళ్ళ చప్పుడు విని, షూ లేసు మళ్ళీ బిగించి కట్టుకున్నాడు.

భయం అన్న మాట లేకుండానే భయం వచ్చింది చూడు.

ఇంకోటి. "సమోన్నత రేఖలు" అని రాశావు. పరుగులో ఆయాసపడుతున్న మనిషి నోట ఆ మాట రాదు. కాంటూరు అను, గీత అను.

కలం పేరు గురించీ, ఏ పత్రికకి పంపాలన్నదాని గురించీ అడిగావు. మరోసారి చూద్దాం. నీ మ్యాప్ నకలు మీద రెండు దారులూ పెన్సిల్‌తో గీసి ఇందులో పెడుతున్నాను. గొర్రెల దొడ్డి చుట్టూ సున్నా చుట్టాను. పద్నాలుగు, పదహారు పేజీలు మాత్రం తిరగరాసి పంపు, మిగతావి ముట్టుకోకు.

ఆశీస్సులతో.