ఆ మెట్టు ఎందుకు ఊడిపోయింది?

చిరంజీవి నాయనకు ఆశీస్సులు.

నీ కథ అందింది. మొదటిసారి చదివినప్పుడు బాధ కలిగింది, రెండోసారి చదివాక కోపం వచ్చింది. ఆ కోపం చల్లారకముందే రాస్తున్నాను. చివర్లో అవ్వ కాలు మోపగానే, ఆమె ఎక్కడానికని మనవడు జిప్సీ జీపుకు వేసిన పక్కమెట్టు ఊడిపోతుంది. ఆమె పడిపోతుంది, తుంటి విరుగుతుంది. మనవడు ఆత్మకూరు ఆస్పత్రి వరండాలో కూర్చుని "అంతా తలరాత" అనుకుంటాడు. కథ అక్కడితో అయిపోయింది. తలరాత ఎట్టా అవుతుంది నాయనా? ఆ మెట్టు ఎందుకు ఊడిందో నీ కథ మూడో పేజీలోనే ఉంది. రాసిన నీకే కనపడలేదు.

ఆ పేజీలో ఆ మనవడు కుర్రాడు ఎండిపోయిన బోరులోంచి తీసిన జీఐ ఇనుప పైపు కోసుకొచ్చి, తలుపు కింద బాడీకి ఆనించి వెల్డింగ్ కొడతాడు. "నిప్పురవ్వలు నక్షత్రాల్లా రాలాయి" అన్నావు. తర్వాతి వాక్యానికి మెట్టు తయారైపోయింది. కథలో ఉన్న పనంతా ఆ నక్షత్రాల వెనక్కి పోయింది.

జిప్సీ 1985లో మారుతి తెచ్చిన బండి. కింద నిచ్చెన ఆకారంలో ఛాసిస్ ఉంటుంది, నాలుగు చక్రాలకూ కమాన్ కట్టలు ఉంటాయి. బాడీ ఆ ఛాసిస్ మీద రబ్బరు బుష్‌లపైన విడిగా కూర్చుంటుంది. బరువు మోసేది ఛాసిస్. తలుపు కింద మనకు కనిపించేది మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే రేకు. దానికి మందం పైపును అతికించబోతే వెల్డింగ్ రాడ్డు వేడికి రేకుకు చిల్లు పడుతుంది. పడకపోతే ఇంకా ప్రమాదం, అతుక్కున్నట్టే కనిపించి అతుకు అంచున రేకు పలచబడి ఉంటుంది. ఉదయగిరి కొండ కింద గతుకుల దారిలో నాలుగు రోజులు తిరిగితే ఆ అంచు వెంటే చీలిక మొదలవుతుంది. పైన పెయింటు ఉంది కాబట్టి ఎవరికీ కనపడదు.

అవ్వ బరువు అరవై కిలోలనుకుందాం. మెట్టు మీద ఆమె కాలు పడేది బండికి ముప్పై సెంటీమీటర్లు బయట. మెట్టును బండికి పట్టించే బ్రాకెట్ ఎత్తు పది సెంటీమీటర్లయితే, పైవరుస బోల్టుల మీదో అతుకు మీదో పడే లాగుడు అరవై కాదు, నూట ఎనభై కిలోలు. అదీ ఆమె నిదానంగా ఎక్కితే. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి నిదానంగా ఎక్కడం కుదరదు, ఒక్క ఊపున బరువంతా వేస్తుంది. నువ్వు కథలో ఆ ఊపు రాశావు. తలుపు కంబీ పట్టుకుని "నువ్వు అటు తిరుగురా" అని మనవణ్ణి మొహం తిప్పుకోమంటుంది చూడు, అక్కడ. ఆ ఒక్క చోట నువ్వు రచయితవి. దాని గురించి ఇంకేమీ చెప్పను.

ఇంకో సంగతి. మెట్టు వేసిన రాత్రి కుర్రాడికి వణుకుతో జ్వరం వస్తుంది, అవ్వ దిష్టి తీస్తుంది, పొద్దుటికి తగ్గుతుంది. దాన్ని రాబోయే కీడుకి సూచనగా వాడుకున్నావు. నాయనా, జీఐ పైపు మీద జింకు పూత ఉంటుంది. గ్రైండర్‌తో ఆ పూత తీయకుండా వెల్డింగ్ కొడితే తెల్లటి పొగ వస్తుంది. ఆ పొగ పీల్చినవాడికి కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వస్తుంది, మర్నాటికి దిగిపోతుంది. వెల్డింగ్ షాపుల్లో ఏ కుర్రాణ్ణడిగినా చెప్తాడు, పాలు తాగమని సలహా కూడా ఇస్తాడు. ఆ జింకు వల్లే అతుకులో బుడగలు పడి లోపల గుల్లగా తయారవుతుంది. అంటే జ్వరం, ఊడిన మెట్టు రెండూ ఒక్క పొగలోంచి వచ్చాయి. ఇంత సరిగ్గా కల్పించడం ఎవరి తరమూ కాదు. నువ్వు దీన్ని ఎక్కడో కళ్ళారా చూశావు. చూసి, వాళ్ళను ఒక్క మాట అడగకుండా ఇంటికొచ్చి రాసేశావు.

నా పట్టుదల ఇదొక్కటే, నీకు నచ్చినా నచ్చకపోయినా. పని తెలియకుండా రాస్తే కారణం పోతుంది. కారణం పోయిన చోటికి విధి వచ్చి కూర్చుంటుంది.

దీని మీద నాకు పాత గాయం ఉంది. పొదిలిలో పంతులుగా ఉన్న రోజుల్లో ఆదివారాలు చీమకుర్తి బస్సెక్కి గ్రానైట్ క్వారీలకు పోయేవాణ్ణి. వాచ్‌మన్లు తరిమేవాళ్ళు. టీ కొట్టు దగ్గర కూర్చుంటే క్రేను మీద పనిచేసే ఒకాయన జాలిపడి, సిమెంటు సంచి కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. రాయిని లేపే ఇనుప తాడుకి చివర మడత వేసి యూ క్లాంపులు బిగిస్తారు. క్లాంపు దిమ్మ బరువు మోసే తాడు వైపుండాలి, యూ కడ్డీ మిగిలిన తోక వైపుండాలి. తిరగేసి బిగిస్తే కడ్డీ మోసే తాడునే నలిపేస్తుంది. నా కథలో మేస్త్రీ తొందరలో తిరగేసి బిగిస్తాడు. తొందరపెట్టింది లోడు కోసం లారీ తెచ్చి నిలబెట్టినవాళ్ళు. తాడు జారి రాయి పడి ఒకడి కాలు పోతుంది.

ఒక వారపత్రిక ఎడిటరు ఆ కథ వేశాడు. క్లాంపుల పేరా మొత్తం కొట్టేసి వేశాడు. "పాఠకుడికి ఈ సామాను లిస్టు ఎందుకండీ, ఆర్ద్రత పలచబడుతోంది" అని కార్డు రాశాడు. అచ్చయిన కథలో తాడు ఉట్టినే జారింది. పాఠకుల ఉత్తరాలు వచ్చాయి, విధి ఎంత క్రూరమో అద్భుతంగా చెప్పానట. మేస్త్రీ తప్పు మాయమైంది, మేస్త్రీని తరిమినవాళ్ళ తప్పూ మాయమైంది. బొమ్మ గీసిచ్చిన ఆయనకు ఆ పత్రిక తీసుకెళ్ళి ఇవ్వడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ ఎడిటరు మీద కోపం ఈనాటికీ పోలేదు, పోవాలనీ లేదు. ఇప్పటి కథల పోటీల జడ్జీలూ అదే దారి. యాసలో నాలుగు మాటలు, ఒక ముసలావిడ, చివర కన్నీళ్ళు ఉంటే చాలు వాళ్ళకి. చేతులు ఏం చేశాయో అడిగేవాడు లేడు.

సరే, నీ కుర్రాడు మెట్టు ఎట్టా వేసి ఉండాలో చెప్తాను. అది తెలిస్తేనే వాడు ఏం వదిలేశాడో రాయగలవు. ముందు అవ్వను నిలబెట్టి బండి పక్కన ఇటుకలు పేర్చాలి. రెండింటి మీద సుఖంగా ఎక్కుతుందా, మూడు కావాలా చూసుకుని మెట్టు ఎత్తు తేల్చాలి. మరీ కిందికి దించితే రాళ్ళదారిలో తగులుతుంది, పైకి పెడితే అవ్వకు అందదు. ఈ రెంటి మధ్య వాడు పడే తర్జనభర్జనే ఒక పేజీ కథ. తర్వాత ఆరు మిల్లీమీటర్ల ప్లేటు కోసి, ఛాసిస్ కమ్మీని రెండు వైపులా పట్టుకునేలా బ్రాకెట్లు చేయాలి. ఛాసిస్‌కి కొత్తగా బెజ్జాలు వేయకుండా బోల్టులతో బిగించాలి, నట్లు అదురుకు వదులవకుండా పట్టుకునే నైలాక్‌వి వాడాలి. పక్కకు మూడేసి కాళ్ళు, ప్రతి మూలకూ ముక్కోణపు ప్లేటు సపోర్టు. బాడీకి ఎక్కడా తగలనివ్వకూడదు, బాడీ రబ్బరు మీద ఊగుతుంది కాబట్టి రెంటికీ కట్టేసిన మెట్టు చీలిపోతుంది. ఛాసిస్ వెంబడి పెట్రోలు పైపు, బ్రేకు పైపు వెళ్తాయి, అందుకే బ్రాకెట్లను విడిగా నేల మీద వెల్డింగ్ చేసుకుని తెచ్చి బిగించుకోవాలి. బండి మీదే చేయక తప్పకపోతే బ్యాటరీ తీగ విప్పాలి, వెల్డింగ్ మిషను ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పెట్టాలి. చివర తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూత, దాని మీద రంగు.

ఇంకొకటి మర్చిపోయావు. మీ ఊళ్ళో మే నెల ఎండకు ఇనుప పైపు మీద వట్టికాలు పెట్టగలరా? నీ అవ్వ చెప్పులేసుకోదని మొదటి పేజీలో నువ్వే రాశావు. పాత టైరు ముక్క కోసి మెట్టు మీద బిగించాలని తోచిన మనవడికి, తోచని మనవడికి చాలా తేడా ఉంది. నీవాడికి తోచలేదు. వాడికి ప్రేమ లేక కాదు, సాయంత్రం లోపు ఫోటో తీసి స్నేహితులకు చూపించాలన్న ఆత్రం. అదీ నువ్వే రాశావు, ఒకే ఒక్క ముక్కలో. దాన్ని పెంచు. అప్పుడు ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాడికి తలరాత గుర్తురాదు. తను అతికించిన చోటు గుర్తొస్తుంది. ఆ సంగతి వాడు అవ్వకు చెప్తాడా, దాస్తాడా? నీ కథ అక్కడ మొదలవుతుంది. అది రాయడానికి భయమేస్తుంది, నాకు తెలుసు. తలరాత అనేసి లేచిపోవడం సులువు.

కలం పేరు గురించి, యాస ఎంత వాడాలన్న దాని గురించి అడిగావు. ఇప్పుడు వాటికి తొందరేం లేదు. పోటీకి ఈ నెలాఖరు గడువన్నావు. దానికి పంపొద్దు. నెల్లూరు వచ్చినప్పుడు ఆటోనగర్‌లో ఏదైనా వెల్డింగ్ షాపు ముందు ఒక పూట నిలబడు. పని తెమిలాక అడుగు, పని మధ్యలో అడిగితే వాళ్ళకు విసుగు. నోటుబుక్ తీయొద్దు, చూడు. మెట్టుని బాడీకి కొట్టమంటే వాళ్ళేమంటారో అడుగు. తిట్టినా తిడతారు, ఆ తిట్టు కూడా కథలోకి పనికొస్తుంది.

తిరగరాశాక మూడో పేజీ, చివరి పేజీ మాత్రం నాకు పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, అంచున జాగా వదులు, ఎర్రసిరా రాతకు చోటు లేకపోయింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు