ముందు మీరు సభ్యులేనా?

ప్రశ్న: గుంటూరు జిల్లాలో మేం చదివిన హైస్కూలుకు రిజిస్టరైన పూర్వ విద్యార్థుల సంఘం ఉంది. ఏటా సంక్రాంతికి అదే నలుగురు ‘ఏకగ్రీవం’ అంటూ చప్పట్లు కొట్టించుకుని కమిటీలో కూర్చుంటున్నారు. బడికోసం ఎంతో తిరిగిన నన్ను పక్కన పెట్టేశారు. చాలా బాధగా ఉంది. 2019లో సభ్యత్వానికి వెయ్యి రూపాయలు కార్యదర్శి ఫోన్‌పేకి పంపాను, రసీదు తీసుకోలేదు. బ్యాచ్‌కొక ప్రతినిధిని ఓటుతో ఎన్నుకుందామంటే వాట్సాప్‌లో 140 మంది సరేనన్నారు. కొత్త కమిటీ జాబితాను మేమే రిజిస్ట్రార్‌కు ఇచ్చేయవచ్చా?

జవాబు: ఇవ్వకండి. ఆ జాబితా కోసం జరగని సమావేశానికి మినిట్స్ (సమావేశంలో ఏం జరిగిందో రాసే రికార్డు) రాసి ఇతరుల సంతకాలు పెడితే అది ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద కేసు మీ మీదే పడుతుంది. ఆ నలుగురికి కావలసింది కూడా అదే.

మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ ఆ వెయ్యి రూపాయల దగ్గరే. సభ్యుల రిజిస్టర్‌లో మీ పేరు లేకపోతే కమిటీని ప్రశ్నించే హక్కే మీకు లేదంటారు. రసీదు అడగకుండా ఇన్నేళ్లు ఎలా ఊరుకున్నారు? వెంటనే 2019 నాటి బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకండి. అవి ఓట్లుగా చెల్లవు, కానీ భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్‌తో సాక్ష్యంగా పనికొస్తాయి.

తర్వాత జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో బైలాస్‌కు (సంఘం నియమావళికి), ఇప్పటిదాకా ఇచ్చిన కమిటీ జాబితాలకు సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. ఎన్నిక పద్ధతి మారాలంటే బైలాస్ మారాలి. దానికి జనరల్ బాడీలో, అంటే సభ్యులందరి సభలో, ప్రత్యేక తీర్మానం కావాలి, ఆ సవరణను రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చేయాలి. ఆ 140 మందిలో చందా కట్టినవారెవరో లెక్క తేల్చి, బైలాస్‌లో చెప్పినంతమంది సంతకాలతో ప్రత్యేక సమావేశం కోరుతూ కార్యదర్శికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. సవరణ పాఠాన్నీ జతచేయండి: బ్యాచ్‌వారీ ఓటర్ల జాబితా, రహస్య ఓటు, కమిటీలో లేని ఎన్నికల అధికారి. ఈ మూడూ లేకపోతే బ్యాచ్ ప్రతినిధులు కూడా చప్పట్లతోనే వస్తారు.

సమావేశం పెట్టకపోతే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు వెళ్లండి. ఎన్నిక చెల్లుతుందో లేదో తేల్చేది కోర్టే, రిజిస్ట్రార్ కాదు. మూడేళ్ల గడువు ఉంది కదా అని కూర్చోకండి. రెండు సంక్రాంతులు సభలో ఉండి కూడా నోరెత్తని మనిషి మూడో ఏడు కోర్టుకొస్తే, జడ్జిగారు మొదట అడిగేది ఆ ఆలస్యం గురించే. ఈ వారమే బ్యాంకుకు వెళ్లండి.