ఫ్లోరెన్స్‌లో రెండు రోజులుంటే ఏ గ్యాలరీలు చూడాలి?

అమ్మానాన్నలతో ఫ్లోరెన్స్‌లో రెండు రోజులే ఉంటాం, ఉఫిజీ, అకాడెమియా రెండూ చూడాలా, ఒకటి చాలా అని అడిగారు. రెండూ చూడండి, కానీ ఒకే రోజు మాత్రం పెట్టుకోకండి. మా అమ్మని తీసుకెళ్లినప్పుడు నేను ఆ తప్పే చేశాను. పొద్దున నాలుగు గంటలు ఉఫిజీలో తిరిగి, మధ్యాహ్నం అకాడెమియాకి చేరేసరికి ఆవిడ పాదాలు వాచిపోయాయి.

ముందు ఏ రోజు వెళ్తున్నారో చూసుకోండి. రెండిటికీ సోమవారం సెలవు. నెలలో మొదటి ఆదివారం టికెట్ అక్కర్లేదు కాబట్టి జనం విపరీతంగా వస్తారు, పెద్దవాళ్లతో ఆ రోజు వద్దు. టికెట్లు మ్యూజియం అధికారిక సైట్‌లోనే, ఇక్కడి నుంచి బయల్దేరకముందే తీసుకోండి. వెతగ్గానే పైన కనిపించిన వేరే సైట్‌లో కొని నేను దాదాపు రెట్టింపు కట్టాను. పెద్ద బ్యాగులు హోటల్లోనే వదిలేయండి, అకాడెమియాలో దాచుకునే చోటు లేదు.

ఉఫిజీ అంటే ఆఫీసులు అని అర్థం. 1560లో ఫ్లోరెన్స్ పాలకుడు కోసిమో డి మెదిచి తన ప్రభుత్వ కార్యాలయాల కోసం వసారీ అనే వాస్తుశిల్పితో మొదలుపెట్టించిన భవనం అది. ముఖ్యమైన గదులు పై అంతస్తులో ఉన్నాయి, మెట్లు చాలా ఎక్కాలి. మోకాళ్ల నొప్పులుంటే మొహమాటపడకుండా లిఫ్ట్ అడగండి. అందరూ బొత్తిచెల్లి వేసిన వీనస్ ముందు గుమిగూడతారు. మీరూ చూడండి, కానీ ఆయనే వేసిన ప్రిమవేరా అనే బొమ్మ దగ్గర ఇంకాస్త సేపు ఆగండి. అందులో మనుషుల ముఖాలు వదిలేసి కాళ్ల కింద గడ్డి చూడండి. మొక్క మొక్కకీ ఆకు వేరు, పూవు వేరు. అమ్మ అక్కడే నిలబడి పూలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఇదంతా ఇంకా ఈ ఊళ్లోనే ఉండటానికి మెదిచి వంశంలో చివరిదైన అన్నా మరియా లుయీజా కారణం. 1737లో రాజ్యం వేరే వంశానికి పోతుంటే, తన కుటుంబం సేకరించినవేవీ ఫ్లోరెన్స్ దాటి పోకూడదని ఒప్పందం రాయించుకుంది. ఉఫిజీలో తిరుగుతున్నంతసేపూ నాకు ఆవిడే గుర్తొచ్చింది.

ఇక అకాడెమియా. అక్కడికి అందరూ డేవిడ్ కోసమే వస్తారు. 1501 నుంచి 1504 దాకా మైకలాంజెలో చెక్కిన ఆ విగ్రహం ఎత్తు 5.17 మీటర్లు. 1873లో లోపలికి తెచ్చేదాకా ఊరి మధ్య చౌకులోనే ఉండేది, ఇప్పుడు అక్కడున్నది నకలు. అయితే డేవిడ్ వైపు వెళ్లే దారికి రెండు పక్కలా సగం చెక్కిన విగ్రహాలుంటాయి, బందీలు అంటారు. రెండో పోప్ జూలియస్ సమాధి కోసం మొదలుపెట్టి వదిలేసినవి. జనం వాటిని దాటుకుంటూ వెళ్లిపోతున్నారు. మీరు దయచేసి ఆగండి.

మా అమ్మమ్మ వాళ్లది ఆళ్లగడ్డ. శిల్పులు రోడ్డు పక్కనే కూర్చుని రాయి చెక్కే ఊరు. అమ్మ చిన్నప్పుడంతా ఆ ఉలి చప్పుళ్ల మధ్యే పెరిగింది. డేవిడ్ వైపు తల తిప్పకుండా ఒక బందీ ముందు ఆగిపోయి, "ఇదిగో, ఇక్కడ పళ్లున్న ఉలి పెట్టాడు చూడు" అంది. దగ్గరికి వెళ్తే నిజమే. పొట్ట మీద దువ్వెనతో గీసినట్టు పక్కపక్కనే సన్నటి గీతలు. భుజం దగ్గర ఇంకా మొద్దు రాయే. తల బయటికి రానేలేదు. అక్కడ మేం అరగంట ఉన్నాం. వాచిన కాళ్లతో ఆవిడ ఒక్కసారి కూడా వెళ్దాం అనలేదు.

రెండో రోజు ఓపిక మిగిలితే అకాడెమియాకి నాలుగు అడుగుల దూరంలో సాన్ మార్కో మఠం ఉంది, ఉదయం పూటే పెట్టుకోండి. సన్యాసులు పడుకునే చిన్న చిన్న గదుల గోడల మీద, అదే మఠంలో సన్యాసిగా ఉన్న ఫ్రా ఆంజెలికో, ఆయన శిష్యులు బొమ్మలు వేశారు. గదికి ఒక చిన్న కిటికీ, ఒక బొమ్మ, అంతే. పై అంతస్తుకి ఎక్కేటప్పుడు అమ్మానాన్నల్ని ముందు నడవనివ్వండి. మెట్ల చివర ఎదురుగా గోడ మీద దేవదూత, మరియ ఉంటారు.